నూట ఇరవై వరుసలు

డిస్కుల సారు పోయారన్న సంగతి నాకు ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. మా పాత ఫ్యాక్టరీ వాచ్‌మన్ కనిపించాడు. తన మోకాళ్ల నొప్పుల గురించి, మనవరాలి బడి గురించి తీరిగ్గా చెప్పి, నా బస్సు వచ్చి ఆగాక అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు: "డిస్కుల సారు యాదికున్నడా మేడం? పోయిన నెల పోయిండు." అయ్యో అన్నాను. ఎవరైనా అనేదే అది. అని బస్సెక్కాను.

ఆయనకు పేరుంది. రాయను. ఆ పేరును ఒకప్పుడు నాచారం షెడ్లలో జనం ఎలా నలిపారో నేను నా చెవులతో విన్నాను. నలగడానికి కారణం నేనే కాబట్టి దాన్ని మళ్లీ కాగితం మీదికి లాగే హక్కు నాకు లేదు.

తొంభైల మధ్య సంగతి. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. టెంపరరీ. పర్మినెంటు చేస్తాం, చేస్తాం అని ఏళ్ల తరబడి ఊరిస్తున్నారు. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడింది. ఇంట్లో పొయ్యి వెలిగేది నా ఉద్యోగం మీదే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. సాకు చెప్తోంది అనుకుంటే అనుకోండి, ఇంతకంటే మంచి సాకు నా దగ్గర లేదు.

అప్పటిదాకా ఏ మందు ఏ రోజు తయారైంది, అందులో ఏ సరుకు ఎంత పడింది, పరీక్షలో ఏం తేలింది, అంతా లావుపాటి రిజిస్టర్లలో ఉండేది. యజమానికి ముచ్చట పుట్టి ఒక పెద్ద సర్వర్ తెప్పించాడు. బీరువాలో సగం ఎత్తు ఉండేది. దాని కడుపులో ఐదు డిస్కులు, లాగితే సొరుగుల్లా బయటికి వచ్చేవి. వాటిని అమర్చడానికి వచ్చిన మనిషి ఈయన.

యాభై దాటిన వయసు, బక్క మనిషి. చొక్కా జేబులో రుమాలు చుట్టిన స్క్రూడ్రైవర్. పెద్ద కర్మాగారంలో ఫిట్టర్‌గా చాలా ఏళ్లు చేసి, అక్కడే కంప్యూటర్ల పని కూడా నేర్చుకుని, బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారట. మొదటి రోజు ఆయన్ని చూసి నేనూ టైపిస్టూ నవ్వుకున్నాం. డిస్కుల పెట్టెను మోపెడ్ మీద పెట్టుకుని, తాను ఎక్కకుండా, ఉప్పల్ నుంచి నాచారం దాకా బండిని నడిపించుకుంటూ వచ్చారు. ఇదేం చోద్యం సార్ అంటే, "గుంతలు వీటికి పడయి బిడ్డా" అన్నారు.

గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తిన్నగా కిటికీ దగ్గరికెళ్లి, ఇనుప ఊచను రెండు చేతులతో పట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేవారు. ఆ తర్వాతే డిస్కును ముట్టేవారు. మా మేనేజర్ అది చూసి, ఎంత భక్తో చూడండి అని మురిసిపోయాడు. అసలు సంగతి వేరు. మన ఒంట్లో ఉండే కాస్త కరెంటును ఊచలోకి దించేసుకోవాలట, లేకపోతే అది డిస్కును చంపేస్తుందట. మరి కళ్లెందుకు మూసుకోవడం అని అడిగాను. నా నోరు ఊరుకోదు. ఆయన నవ్వి, "కండ్లు మూసుడు నా కోసం" అన్నారు.

ఇంకోసారి, ఐదు డిస్కులు ఎందుకు సార్, ఒక్క పెద్దది పెడితే పోయేదిగా అన్నాను. ఆయన క్యాంటీన్ నుంచి గుప్పెడు చింతగింజలు తెప్పించారు. నన్ను బయటికి పంపి తలుపు వేశారు. లోపల మేనేజర్, టైపిస్టు, వాచ్‌మన్, గింజలు తెచ్చిన వంటాయన, ఈ నలుగురినీ ఇష్టమైతే ఒక గింజ గుప్పిట్లో పెట్టుకోమన్నారట, లేకపోతే ఖాళీ గుప్పిలి మూయమన్నారట. ఎవరి దగ్గర ఉందో చూసుకుని, మొత్తం సరిసంఖ్య అయ్యేటట్టు తన గుప్పిలి నింపుకున్నారు. తర్వాత వాచ్‌మన్‌ని అదే గుప్పిలితో బయటికి పంపి, నన్ను లోపలికి పిలిచారు. మిగిలిన నాలుగు గుప్పిళ్లూ తెరిస్తే మూడు గింజలు. "మొత్తం సరి ఉండాలె. ఇప్పుడు బేసి ఉన్నది. పోయినోని చేతిల గింజ ఉన్నదా, లేదా?" అని అడిగారు. ఉంది అన్నాను. గుమ్మం అవతల వాచ్‌మన్ చెయ్యి తెరిచాడు. ఉంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇప్పటికీ చింతగింజ కనిపిస్తే ఆ గది గుర్తొస్తుంది.

"నేను సాక్షిని" అన్నారాయన. "ఒకడు పోయినా వాని మాట పోదు. మిగిలినోళ్లం కలిసి చెప్తం. కాని యంత్రంల ఒక్కడే సాక్షి కాదు బిడ్డా. వంతులవారీగ అందరు సాక్షులే. అందుకే వరుస తప్పొద్దు. వరుస తప్పితే ఎవడు సాక్షో ఎవనికి తెల్వది."

పుస్తకాల్లో దానికి ఇంగ్లీషు పేరేదో ఉంది. ఆయన ఎప్పుడూ సాక్షి అనే అన్నారు. డిస్కు మీద ఉన్నదాన్ని కూడా సమాచారం అనీ డేటా అనీ అనేవారు కాదు. మాట అనేవారు. మాట పోవద్దు, మాట నిలబడాలె, ఇదే ధోరణి. అమర్చడం పూర్తయ్యాక జేబులోంచి సుద్దముక్క తీసి ఒక్కో సొరుగు మీద ఒక్కో అంకె వేశారు. సున్నా నుంచి నాలుగు దాకా.

నెలకోసారి వచ్చేవారు. రాగానే మమ్మల్ని కాదు, సర్వర్‌ని పలకరించేవారు. దాని పక్కకి అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసి, "ఎట్లున్నవ్?" అనేవారు. మేం నవ్వుతామని తెలుసు, అయినా మానలేదు. ఒక ఎండాకాలం నిజంగానే ఒక డిస్కు చచ్చిపోయింది. ఆయన వచ్చి, సర్వర్ ఆపకుండానే, మేం పని చేసుకుంటూ ఉండగానే చచ్చినదాన్ని లాగేసి కొత్తది తోశారు. సాయంత్రానికి కొత్త డిస్కు నిండిపోయింది, ఒక్క అక్షరం పోలేదు. ఆ రోజు ఆయన మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుని, తినడం మరిచిపోయి, వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పారు, "సూసిన్రా? పోయినోని మాట మొత్తం చెప్పినయి." అంత సంతోషం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

ఆ తర్వాతి దసరాకు ముంచుకొచ్చింది ఆపద.

మహానవమి నాడు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. బాయిలర్‌కీ, తక్కెళ్లకీ, లారీలకీ, అన్నిటికీ బొట్లు. కంప్యూటర్ మాత్రం ఏం పాపం చేసిందమ్మా అన్నాడు మేనేజర్. సర్వర్ ఆపేశాం. పైన బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. నాకు శుభ్రం పిచ్చి. ఐదు సొరుగులూ బయటికి లాగాను, వాటి మీది దుమ్మంతా తడిబట్టతో తుడిచాను, పసుపు కుంకుమ పెట్టాను, ఇత్తడి పళ్లెంలో పేర్చి పటం ముందు పెట్టాను. మేనేజర్ స్వయంగా హారతి ఇచ్చాడు. అయ్యాక మళ్లీ లోపలికి తోశాను. ఏది ఎక్కడ ఉండేదో చూసుకుందామంటే అంకెలేవీ? దుమ్ముతో పాటు పోయాయి. నాకు అవి మురికి గీతల్లాగే కనిపించాయి మరి. అన్నీ ఒక్కలాంటివే కదా, ఎక్కడ పెడితే ఏం అనుకున్నాను. వంతుల సంగతి, సాక్షి సంగతి, ఒళ్లు ఝల్లుమన్న సంగతి, ఏదీ గుర్తురాలేదు.

పండగయ్యాక పొద్దున్నే సర్వర్ ఆన్ చేశాను. ఎప్పుడూ చూడని నాలుగు ఇంగ్లీషు వాక్యాలు వచ్చాయి. డిస్కులు ముందున్న చోట లేవు, ఇప్పుడున్న వరుసనే ఖాయం చేసుకోమంటారా, వై నా, ఎన్ నా అని. పక్క గదిలోంచి మేనేజర్, సర్వర్ ఇంకా లేవలేదా అమ్మా అని కేకేశాడు. ఎన్ అంటే కాదనడం, కాదంటే ఆగిపోతుంది. వై అంటే అవును, అవునంటే పని జరుగుతుంది. నా తెలివి అంతవరకే వెళ్లింది. వై నొక్కాను.

సొరుగుల మీది ఐదు చిన్న దీపాలూ కలిసి టకటకా వెలగడం మొదలుపెట్టాయి. హమ్మయ్య అనుకున్నాను. చాలాసేపు వెలిగాయి. దాదాపు భోజనాల వేళ దాకా వెలిగాయి. కానీ కంపెనీ పేరు రాలేదు, రికార్డులు రాలేదు, చివరికి తెర మీద ఏదో తప్పు జరిగిందన్న ఒక్క సందేశం నిలిచింది. భయమేసి, దీపాలు ఇంకా వెలుగుతుండగానే స్విచ్ ఆపేసి, డిస్కుల సారుకి ఫోన్ చేయించాను.

వచ్చారు. చెప్పులు, ఊచ, కళ్లు మూసుకోవడం, అన్నీ అయ్యాయి. సొరుగు లాగి కుంకుమ బొట్టు చూసి చిన్నగా నవ్వారు. రెండోది లాగారు. మూడోది లాగేటప్పటికి నవ్వు పోయింది.

"అంకెలు ఎవలు తుడిసిన్రు?"

నేనే సార్, దుమ్మనుకున్నా అన్నాను. ఆయన కసురుకోలేదు. కసురుకుని ఉంటే బాగుండేది. వర్క్‌షాపులో సుద్ద గీతను ఎవరూ తుడవరని చెప్పారు. గీసినోడే తుడవాలి, అది వాళ్ల కట్టుబాటు. అక్కడ ఇనుము మీద ఫిట్టర్ గీసిన గీతను పై ఆఫీసరైనా ముట్టుకోడు. ఇది ఆఫీసని తాను మరిచిపోయానని అంటూ సొరుగు మీద వేలితో రాసి చూసుకున్నారు. తర్వాత నావైపు తిరిగారు. మేనేజర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"స్క్రీన్ మీద ఏమన్న అడిగిందా బిడ్డా? నువ్వేమన్న నొక్కినవా?"

లేదు సార్ అన్నాను.

"నొక్కితే ఫికర్ లేదు. నొక్కినవంటే దారి వేరే. ముందటి భాగం ఖరాబైతది గాని ఎనుకదంత మిగుల్తది, తీస్త. నొక్కలేదంటే ఇంకో దారి. అందుకే అడుగుతున్న."

మేనేజర్ నా మొహంలోకి చూశాడు. నా పర్మినెంటు కాగితం అతని సంతకం కోసం బల్ల మీదే ఉంది. ఏమీ నొక్కలేదు సార్ అన్నాను. గట్టిగానే అన్నాను. డిస్కుల సారు నోట్‌బుక్ తీసి పై వరుసలో అదే రాసుకున్నారు: ఏమీ నొక్కలేదు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం.

ఐదు డిస్కులను ఎన్ని రకాల వరుసల్లో పెట్టవచ్చో మీరూ లెక్క వేసుకోవచ్చు. నూట ఇరవై. అందులో ఒక్కటి మాత్రమే అసలుది. అది దొరికితే, ఎవరూ ఏమీ నొక్కని యంత్రం కాబట్టి, మొత్తం లేచి నిలబడాలి. అది ఆయన లెక్క. కాగితం ముక్కలు చింపి సొరుగులకు అంటించి అ, ఆ, ఇ, ఈ, ఉ అని రాశారు. ఒక వరుస పెట్టడం, స్విచ్ వెయ్యడం, కాచుకుని కూర్చోవడం, లేవకపోతే నోట్‌బుక్‌లో ఇంటూ కొట్టడం. పొద్దున తొమ్మిదికి వచ్చి గేటు మూసేదాకా ఇదే. నాలుగు రోజులు. టిఫిన్ డబ్బా తెచ్చిన డబ్బా తెచ్చినట్టే తీసుకుపోయేవారు. మధ్యమధ్యలో డిస్కు మీద అరచెయ్యి పెట్టి గొణిగేవారు, "చెప్పు తల్లీ, నీ జాగ ఏది?"

నేను ఆ గదిలోనే కూర్చుని, పాత కాగితాలు ఏరుతూ, ఒక్కో ఇంటూ పడడం చూశాను. ఇప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. ఇదొక్కటి అయ్యాక అనుకునేదాన్ని. ఒకసారి ఇద్దరమే ఉన్నప్పుడు టీ తాగుతూ ఆయన మళ్లీ అడిగారు, నిమ్మళంగా, నిజంగ ఏం నొక్కలే గద బిడ్డా అని. మొదటిసారి అబద్ధం భయంతో ఆడాను. రెండోసారి, మొదటిది ఆడాను కాబట్టి ఆడాను. ఆ గదిలో సాక్ష్యం చెప్పే వంతు నాది. గుప్పిలి తెరవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఇ, అ, ఉ, ఆ, ఈ అనే వరుస పెట్టారు. స్విచ్ వేస్తే, అప్పటిదాకా ఏ వరుసకూ లేవనంత లేచింది. తెర మీద మా కంపెనీ పేరు సగం వచ్చి ఆగిపోయింది. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగారు. "గిదే గద" అన్నారు, గాలి పీల్చినంత మెల్లగా. నాకు తెలుసు అదేనని. నేను నొక్కిన వై ముందు భాగాన్ని పాడుచేసింది, కాబట్టి సగమే లేస్తుంది, ఆయన చెప్పిన వేరే దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. కానీ ఏమీ నొక్కలేదని నోట్‌బుక్‌లో రాసి ఉంది. ఏమీ నొక్కకపోతే ఇది అసలు వరుస కావడానికి వీల్లేదు. ఆయన తెరను చూశారు, నోట్‌బుక్‌ను చూశారు. నావైపు తిరిగి, "బిడ్డా" అన్నారు. అంతే. అడగలేదు.

నేను టీ గ్లాసులు తీసుకుని కడగడానికి బయటికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఆ వరుస పక్కన ఇంటూ పడి ఉంది.

మిగిలినవన్నీ కూడా పెట్టారు. నూట ఇరవయ్యోది కూడా లేవలేదు. స్క్రూడ్రైవర్‌కి రుమాలు చుట్టుకుంటూ, "లెక్క తప్పింది" అన్నారు. మాతో కాదు. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. దేవుడు లేడని తేలినవాళ్లు అలా మాట్లాడతారేమో.

హారతి ఇచ్చింది తానే కాబట్టి మేనేజర్‌కు పూజ సంగతి పైకి రావడం ఇష్టం లేదు. సుద్దతో రాస్తారా ఎవరైనా, అదే కొంప ముంచింది అని యజమానికి చెప్పాడు. డిస్కుల సారుని పిలిచి నిలబెట్టారు. "అవును. సుద్దతోని రాసిన. తప్పు నాదే" అన్నారాయన. నా పేరు ఎత్తలేదు. మా దగ్గర టేపు మీద పాత నకలు ఒకటుంది కాబట్టి ఫ్యాక్టరీ బతికింది. నెలన్నర రికార్డులు పోయాయి. రికార్డు లేనిదే అమ్మకూడదు కాబట్టి ఆ మందులను వెనక గోడ దగ్గర తగలబెట్టారు. ఆ పొగ రెండు రోజులు గదిలోకి వచ్చింది. నా పర్మినెంటు కాగితం మీద సంతకమైంది. నాచారంలో ఆయన చూసే మిగతా ఫ్యాక్టరీలు ఒక్కటొక్కటిగా, సుద్దముక్క ఇంజనీరు మాకొద్దు అన్నాయి.

రెండేళ్ల తర్వాత ఉప్పల్‌లో ఒక సందులో ఆయన కనిపించారు. రేకుల కొట్టు ముందు కూర్చుని మిక్సీలు బాగుచేస్తున్నారు. బాగున్నావా బిడ్డా అని స్టూలు తుడిచి వేశారు. మా ఆయన గురించి, పిల్లల గురించి అడిగారు. లేస్తుంటే ఆపారు.

"ఇ, అ, ఉ, ఆ, ఈ. యాదికున్నదా? సగం లేసింది."

గుర్తులేదు సార్ అన్నాను. మూడోసారి. ఆయన తలూపి మిక్సీలోకి వంగారు. ఆ తర్వాత ఆ సందులోంచి నడవడం మానేశాను. ఇన్నేళ్లూ చుట్టు తిరిగి వెళ్లాను.

వాచ్‌మన్‌ని మళ్లీ కలిసి గుర్తులు అడిగి, మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఒక్క గది, ముందు వరండా. ఆయన భార్య చాప వేసి కూర్చోబెట్టింది. ఫలానా ఫ్యాక్టరీ అంటే గుర్తుపట్టింది. ఫోటో కింద గూట్లో ఐదు అగ్గిపెట్టెలు వరుసగా ఉన్నాయి. వాటి మీద అ, ఆ, ఇ, ఈ, ఉ. పక్కనే నోట్‌బుక్కులు, ఒకటి కాదు, దొంతర.

"రోజు గిదే పని" అందామె. "కొందరు పేకాట ఆడుతరు. ఈయన ఇవి ముందటేసుకొని జరుపుతుండె. లెక్కల తప్పు లేదు, నాలనే ఏదో తప్పున్నది అంటుండె. మంచంల పడ్డంక కూడ ఆ డబ్బీలు తెమ్మన్నడు. మీరు సదువుకున్నోళ్లు, చెప్పున్రి, అసలు ఆ వరుస కలుస్తదా?"

నేను లేచి గూటి దగ్గరికి వెళ్లాను. అగ్గిపెట్టెలు తీసి చాప మీద పెట్టాను. ఇ, అ, ఉ, ఆ, ఈ. ఇదేనమ్మా అన్నాను. ఆయన కలిపారు, మూడో రోజే కలిపారు. అది నిలబడకపోవడానికి కారణం నేను. పూజ నాటి నుంచి టీ గ్లాసుల దాకా అంతా చెప్పాను. ఇరవై ఏళ్లు దాటిన మాట, నోట్లోంచి రావడానికి పావుగంట కూడా పట్టలేదు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. వై అంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఆ ఐదు అగ్గిపెట్టెలనూ చెదరకుండా, ఒక్కొక్కటే, అదే వరుసలో గూట్లో పెట్టింది. పెట్టి, ఫోటో వైపు చూస్తూ అడిగింది.

"గీ ఒక్క మాట ఆయనకు చెప్తే అయిపోతుండె గద బిడ్డా. కంటినిండ పండుకుంటుండె."